ముందు బంటు, తర్వాత గుర్రం

"మళ్లీ మొదటి నుంచి," అంది దేవకృప.

లక్ష్మణ్ నవ్వి, సోఫాలోంచి ముందుకు జరిగి, తెల్ల పావులను తిరిగి వాటి గడుల్లో పేర్చాడు. ప్రపంచంలో మొదటి ఇరవై మంది గ్రాండ్‌మాస్టర్లలో అతనొకడు. క్లాక్ టవర్‌కి దగ్గర్లో ఉన్న హోటల్లో తొమ్మిదో అంతస్తు గది, కిటికీలోంచి సగం సికింద్రాబాద్. ఇంత హంగు ఉన్నా శుక్రవారం పొద్దుటి నుంచి ఆ గదిలో జరుగుతున్నది ఎక్కాలు అప్పజెప్పించుకోవడమే. ఆమె నల్ల ఎత్తు వేస్తుంది. అతను వెంటనే తెల్ల ఎత్తు వేయాలి. ఆలోచించాడంటే పాఠం రానట్టే.

దేవకృప సీతాఫల్‌మండిలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. ముప్పై ఏడేళ్లు. ఒకప్పుడు తనూ పోటీలు ఆడింది. నాలుగేళ్లుగా లక్ష్మణ్‌కి సెకండ్‌గా ఉంటోంది. చదరంగంలో సెకండ్ అంటే తెర వెనక మనిషి. ఎదుటివాడు ఏ ఆట మొదలుపెడతాడో ఊహించి, దానికి ఎవరూ వేయని ఎత్తు వెతికి, ఫైలు కట్టి, ఆడేవాడి చేతిలో పెట్టాలి. ఆడేది అతను. చప్పట్లు కూడా అతనికే.

పద్నాలుగు ఎత్తులు టకటకా పడ్డాయి. పదిహేనో ఎత్తుకి లక్ష్మణ్ చెయ్యి గుర్రం మీదికి పోయింది.

"ముందు బంటు," అంది ఆమె.

"రెండూ వేసుడే కదక్కా. ముందేదైతేంది?"

"ఒకటి కాదు లక్ష్మణ్. గుర్రం ముందు దూకితే నల్ల మంత్రి వచ్చి ఇదిగో, ఈ గడిలో కూర్చుంటుంది. దాని రాజును అదే కాపాడుకుంటుంది. అంచు బంటు ఒక్క గడి ముందుకు జరిగిందనుకో, ఆ గడి మనది. అప్పుడు గుర్రాన్ని బలిచ్చినా మంత్రి రాలేదు. ముందు బంటు, తర్వాత గుర్రం. ఫైల్లో ఎర్ర అక్షరాలతో రాశా చూడు."

ఫైల్లో నిజంగానే అలా రాసి ఉంది. ఆమె ఫైళ్లన్నీ అంతే, మధ్యమధ్యన తెలుగులో హెచ్చరికలు ఉంటాయి. 'ఇక్కడ తొందరపడొద్దు.' 'ఇక్కడ నీళ్లు తాగు.' ఆ బంటు ఎత్తును మొదట కంప్యూటరు మంచి ఎత్తుల జాబితాలో ఏడో స్థానంలో పడేసింది. చూడ్డానికి అది ఏమీ తోచక వేసిన ఎత్తులా ఉంటుంది. అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు దిద్దుతూ, మధ్యలో లేచి బోర్డు చూస్తూ, పదకొండు రోజులు దాన్ని పట్టుకుని వేలాడితే గానీ లోపలున్నదేమిటో బయటపడలేదు.

తలుపు తోసుకుని పర్వతాలు వచ్చాడు. లక్ష్మణ్‌కి మేనమామ. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు మేనల్లుడి బ్యాగు, భోజనం, నిద్ర అన్నీ ఆయనే చూసుకుంటాడు. చేతిలో ఇడ్లీ పొట్లం, చంకలో పేపరు.

"ఏంది బిడ్డా, పోరగాన్ని పొద్దటి సంది సతాయిస్తున్నవ్!" అని, పేపరు విప్పి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "'రెండో ఆటలో రిచర్డ్‌ను మట్టి కరిపించిన ఆ ఎత్తు ఎక్కడిది అని అడిగితే, పొద్దున స్నానం చేస్తుంటే తట్టిందని లక్ష్మణ్ నవ్వారు.' చూసినవా, స్నానం చేసుకుంట! దిమాగ్ అంటే గది!"

ఆ ఎత్తు దేవకృపకు డిసెంబరులో తట్టింది. అప్పుడామె బస్సు కోసం నిలబడి ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది. ఆమె చేతిలోని నల్ల బంటును గుప్పిట్లో తిప్పుతూ కూర్చుంది. లక్ష్మణ్ చెవులు ఎర్రబడ్డాయి.

"పేపరోళ్లు అడిగిన్రు, ఏదో ఒకటి చెప్పినక్కా," అన్నాడు ఇడ్లీ వైపు చూస్తూ. "ఆఖరి రోజు స్టేజి మీద నీ పేరు చెప్త. మన సికింద్రాబాద్‌ల, మనోళ్ల ముంగట. ఒట్టు."

ఒట్టు అనేసరికి ఆమె మనసు కరిగింది. కరగదా మరి! ఆమె ఈ నాలుగేళ్లలో కోరుకున్నది అదొక్కటే. ఒక మంచి ఎత్తు పుడితే, దాన్ని కన్నవాళ్లెవరో నలుగురికీ తెలియాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

"ఒట్లు తర్వాత. మళ్లీ మొదటి నుంచి," అంది.

*

శనివారం మధ్యాహ్నం రెండింటికి హాల్లో కుర్చీ దొరకలేదు. గోడల వెంబడి కూడా జనం నిలబడ్డారు. లక్ష్మణ్, రిచర్డ్ ఎదురెదురుగా కూర్చుంటే అట్లాగే ఉంటుంది. అండర్ ట్వెల్వ్ నుంచి ఒకరినొకరు ఓడించుకుంటూ పైకొచ్చిన వాళ్లు. రిచర్డ్‌ది కాకినాడ. మనిషి నెమ్మది, మాట నెమ్మది, ఆట మాత్రం కొండచిలువ పట్టు. ప్రతి ఎత్తు తర్వాత పెన్నుకి మూత పెడతాడు, మళ్లీ ఎత్తు రాసుకోవడానికి మూత తీస్తాడు. ఆ టక్కుమనే చప్పుడంటే లక్ష్మణ్‌కి ఒళ్లు మంట. ఆరు ఆటల మ్యాచ్‌లో నాలుగు అయ్యాయి. చెరి రెండు పాయింట్లు.

దేవకృప మూడో వరుసలో కూర్చుంది. ఫోన్లు బయట ఇచ్చి రావాలి కాబట్టి ఒడిలో హ్యాండ్‌బ్యాగ్ తప్ప ఏమీ లేదు. పక్కన పర్వతాలు.

ఆట అనుకున్న దారినే నడిచింది. రిచర్డ్ పద్నాలుగో ఎత్తు వేసి పెన్ను మూత పెట్టాడు. లక్ష్మణ్ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని లేదని ముఖంలోనే కనిపిస్తోంది. చెయ్యి లేచింది. బంటు, బంటు అనుకుంది దేవకృప.

గుర్రం దూకింది.

హాలంతా "ఆ!" అంది. గుర్రాన్ని బలివ్వడం జనానికి ఎప్పుడూ పండగే. పర్వతాలు తొడ మీద చరుచుకున్నాడు. దేవకృప కళ్లు మూసుకుంది. గ్రాండ్‌మాస్టర్లు మాత్రమే చేసే తప్పిది. మామూలు ఆటగాడైతే ఆ చోట ఆగి, ఆలోచించి, ఏదో ఒకటి కనుక్కునేవాడు. అంతా కంఠతా వచ్చిన వాడికే పద్యంలో పాదాలు తారుమారవుతాయి.

రిచర్డ్ నలభై నిమిషాలు బోర్డు మీదికి వంగి కూర్చున్నాడు. తర్వాత మంత్రిని తీసుకొచ్చి సరిగ్గా ఆ గడిలోనే పెట్టాడు. పెన్ను మూత పెట్టాడు. ముప్పై నాలుగో ఎత్తుకి లక్ష్మణ్ చెయ్యి చాచి ఓటమి ఒప్పుకున్నాడు. మూడు, రెండు. రిచర్డ్ ముందుకెళ్లాడు.

ఆట అయ్యాక ఇద్దర్నీ వేదిక మీద కూర్చోబెట్టి విలేకరులు ప్రశ్నలడగడం ఆనవాయితీ. పేపర్లో రాసే కల్పలత ముందుగా మైకు అందుకుంది.

"లక్ష్మణ్ గారూ, గుర్రాన్ని ఇవ్వడం ఇంట్లో తయారు చేసుకొచ్చిందేనా? మరి ఎక్కడ బెడిసికొట్టింది?"

"ప్రిపరేషన్‌లనే తప్పున్నది," అన్నాడు లక్ష్మణ్. గొంతులో విసుగు. "ఆ ఫైలు నేను చేసింది కాదు. మా టీమ్‌ల దేవకృప అని ఒకామె ఉంటది, ఆమె చేసింది. నమ్మి ఆడిన. అంతే."

రిచర్డ్ తలెత్తాడు. "ఏ పేరన్నావు?" అని మెల్లగా అడిగాడు.

"దేవకృప," అన్నాడు లక్ష్మణ్ మళ్లీ, మైకులోనే.

నాలుగేళ్లలో ఆ నోట ఆ పేరు నలుగురిలో రావడం అదే మొదలు. వచ్చిందీ, నింద మోసుకుని వచ్చింది. ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. దేవకృప కదలకుండా కూర్చుంది.

లిఫ్ట్ దగ్గర అతన్ని పట్టుకుంది.

"ఫైలు తెరిచి చూడు లక్ష్మణ్. ముందు బంటు. నువ్వు గుర్రం వేశావు."

"ఫైల్ల ఎట్లున్నదో అట్లనే ఆడినక్కా."

"లేదు. ఒక్కసారి చూడు. రెండు నిమిషాల పని."

"ఓడిన ఆట మ్యాచ్ అయ్యేదాంక తెరువ. నీకు ఎరుకే కదా," అన్నాడు. అది అతని పట్టింపు. చిన్నప్పటి నుంచీ అంతే. ఓడిన ఆట కాగితం కూడా కళ్లబడనివ్వడు. "రేపు నల్లవాటితో గెలవాలె. గెలిస్తేనే మ్యాచ్ బరాబర్. ఇప్పుడు నా దిమాగ్ ఖరాబ్ చెయ్యకక్కా, ప్లీజ్."

అతని కళ్లలోకి చూసి ఆమె నిజంగా భయపడింది. అతను అబద్ధమాడటం లేదు. అబద్ధమాడేవాడికి నిజమేదో తెలిసుంటుంది. ఇతను తన మాటను తానే నమ్మేశాడు. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి.

*

ఇంటికొచ్చేసరికి తల్లి విమలమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. రిటైరైన నర్సు. కూతురి మ్యాచ్‌లన్నీ, అంటే కూతురు ఆడని మ్యాచ్‌లన్నీ, ఫోన్లో చూస్తుంది.

"నీ పేరు చెప్పాడే! రెండుసార్లు చెప్పాడు! నా చెవులతో విన్నాను!" అంది. తర్వాత కూతురి ముఖం చూసింది. "ఏమైందే?"

"అమ్మా, ఏం చెప్పాడో కూడా విను."

విమలమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ ముక్క మళ్లీ పెట్టింది. ఈసారి మొత్తం విన్నది. ఫోన్ను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందట," అంది. "రేపు వెళ్లకు. వాడి కళ్లు తెరుచుకోనీ."

దేవకృప చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చుంది. కోపంగా ఉంది. కోపం కన్నా సిగ్గుగా ఉంది. సోమవారం స్టాఫ్ రూములో డోరా టీచరు అడుగుతుంది, నీ ఫైలే తప్పటగా అని. ఏమని చెప్పాలి? పప్పులో వేలు తిప్పుతూ ఆలోచించింది. ఇన్నాళ్లూ ఆ ఫైలు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసింది. మంచికో చెడ్డకో దాని మీద పేరు పడింది. పేరు పడ్డాక అందులో తప్పు ఉండటానికి వీల్లేదు.

ఆ ఆలోచనతోటే తెల్లవారుజామున లేచింది. వంటింటి బల్ల మీద చెక్క బోర్డు పరిచింది. సరైన వరుసలోనే ఎత్తులు వేసింది. ముందు బంటు, తర్వాత గుర్రం. ఈసారి బోర్డును తిప్పి నల్లవైపు కూర్చుంది. ఇన్నాళ్లూ తెల్లవైపు కూర్చునే చూసింది. తన పిల్ల ముద్దు కాబట్టి దాని వంకర్లు వెతకబుద్ధి కాలేదు. ఇప్పుడు రిచర్డ్ వెతికినట్టు వెతికింది, పగవాడిలా.

విమలమ్మ కాఫీ తెచ్చి పెట్టింది. కాఫీ చల్లారి మీగడ కట్టింది.

పద్దెనిమిదో ఎత్తు దగ్గర దొరికింది. నల్ల ఏనుగు తనంతట తాను చావడానికి సిద్ధపడి ఆ గుర్రాన్ని కొట్టేయాలి. ఏనుగు పోతుంది. కానీ రాజు నడిచి బయటికి వచ్చేస్తాడు, అడ్డం పడేవాళ్లుండరు. ఆ తర్వాత అంచున ముందుకు జరిగిన ఆ తెల్ల బంటే తెల్లరాజుకు గొయ్యి. మూడుసార్లు వేసి చూసింది. కంప్యూటరులో వేసి చూసింది. అది కూడా కాసేపు ఒప్పుకోలేదు, తర్వాత తలొంచింది. పదకొండు రోజులు మోసిన ఎత్తు తన కళ్లముందే కూలిపోయింది. మరు నిమిషంలోనే నవ్వొచ్చింది. ఎంత చక్కని ఎత్తు! బంటు ఎత్తు కంటే కూడా చక్కగా ఉంది.

అప్పుడే ఇంకో సంగతి తట్టింది. రిచర్డ్‌కి ఈ రోజు తెల్లవి. డ్రా చేసుకుంటే చాలు, మ్యాచ్ అతనిదే. అయినా నిన్న నలభై నిమిషాలు బోర్డు మీదికి వంగిన ఆ మనిషి, రాత్రి గదికెళ్లి ఊరుకుని ఉంటాడా? గుర్రం ముందు ఎందుకు దూకిందని తనను తాను ప్రశ్నించుకుని ఉంటాడు. బంటు కనబడి ఉంటుంది. కనబడితే వదలడు.

లాంగ్ నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపింది. గళ్లు గీసి, పావుల స్థానాలు గుర్తులు పెట్టి, రెండు వైపులా రాసింది. పైన పెద్ద అక్షరాలతో 'అతను ముందు బంటు వేస్తే మాత్రమే' అని రాసి, కింద గీత గీసింది.

"వాడి కోసమా?" అంది విమలమ్మ.

"మ్యాచ్ అయ్యేదాకా నేను వాడి సెకండ్‌నే అమ్మా. పని మధ్యలో వదిలేస్తే వాడన్న మాట నిజమవుతుంది."

చర్చిలో మొదటి ఆరాధనకు వెళ్లి, పాటలు పాడి, పదకొండింటికి హోటల్ చేరింది. లక్ష్మణ్ ఫోన్ ఆపేసి ఉంది. కింద సోఫాలో పర్వతాలు కాపలా కూర్చున్నాడు.

"పండుకున్నడు. ఎవ్వల్నీ పంపొద్దన్నడు," అన్నాడు లేవకుండానే. "నిన్న నీ ఫైలుతోటే కొంప మునిగింది. ఇయ్యాల జెర వదిలెయ్ బిడ్డా."

"వదిలేస్తా. ఈ కాగితం ఒక్కటి ఇవ్వండి చాలు. రిచర్డ్ నిన్నటి ఆటే మళ్లీ మొదలుపెట్టి, గుర్రం కంటే ముందు బంటు జరిపాడంటే, బయటపడటానికి ఇదొక్కటే దారి. ఆట మొదలు కాకముందే ఇవ్వాలి."

"ఆయనకు డ్రా సాలు. గా పరేషాన్ ఎందుకు పడ్తడు?"

"పడతాడు. మీకు దండం పెడతా, ఇవ్వండి."

పర్వతాలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇస్త, ఇస్త," అన్నాడు. అప్పటికే ఆయన చూపు లిఫ్ట్ వైపు పోయింది.

*

రెండింటికి ఆట మొదలైంది. అయిదో ఎత్తుకే హాల్లో గుసగుస లేచింది. రిచర్డ్ నిన్నటి ఆటనే ఆడుతున్నాడు, ఈసారి తెల్లవాటితో. లక్ష్మణ్ పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది. నిన్న నల్లవాటిదే గెలుపు. ఈ రోజు నల్లవి తనవి. తప్పు ఫైలని తాను చెప్పిన దారిలోకి పగవాడు తనంతట తానే నడిచొస్తుంటే, పక్కకు తప్పుకోవడానికి కారణమేముంది?

పద్నాలుగు ఎత్తులు పడ్డాయి. రిచర్డ్ పెన్ను కింద పెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. చెయ్యి గుర్రం మీదుగా పోయి, దాటి, అంచు బంటును పట్టుకుని ఒక్క గడి ముందుకు జరిపింది.

హాల్లో ఎవరూ "ఆ" అనలేదు. వెనక వరుసలో ఒకాయన, "గిదేందీ, ఏం తోచక జరిపిండా?" అన్నాడు.

దేవకృప మాత్రం పెద్ద తెర మీదే చూపు నిలిపింది. అది తన ఎత్తు. తాను కన్న ఎత్తు వెలుతురులో, వందల మంది ముందు, తప్పులేకుండా పడటం ఆమె మొదటిసారి చూస్తోంది. వేసింది తనవాడు కాదు. అయినా సంతోషం తన్నుకొచ్చింది. ఆ సంతోషానికి తనను తాను తిట్టుకుంది కూడా.

లక్ష్మణ్ నవ్వు పోయింది. మంత్రిని తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ గడి మూసుకుపోయిందని అప్పుడు కనిపించింది అతనికి. ఇరవై నిమిషాలు ఆలోచించాడు. వేరే ఎత్తేదో వేశాడు. గుర్రం దూకింది. దాన్ని తీసుకోవడమూ కష్టమే, వదలడమూ కష్టమే. అతని మెడ వెనక ఎరుపెక్కడం మూడో వరుసలోకి కూడా కనిపిస్తోంది.

పద్దెనిమిదో ఎత్తు వచ్చింది. ఏనుగు. ఏనుగు ఇచ్చెయ్ లక్ష్మణ్, అనుకుంది దేవకృప. పక్కన పర్వతాల వైపు చూసింది. చొక్కా జేబులోంచి తెల్లకాగితం అంచు బయటికి కనిపిస్తోంది, పెట్టిన నాలుగు మడతలూ చెదరకుండా. ఆమె చూపు ఎక్కడుందో చూసి ఆయన చెయ్యి జేబు మీద వేసుకున్నాడు. అంతే, ఆమె వైపు మళ్లీ తిరగలేదు.

ఏనుగును ఇచ్చేద్దామనే ఊహ ఎవరూ చెప్పకుండా ఎవరికీ రాదు. లక్ష్మణ్‌కి కూడా రాలేదు. ఏనుగును భద్రంగా మూలకు జరిపాడు. ఇరవై తొమ్మిదో ఎత్తుకి లేచి చెయ్యి చాచాడు. నాలుగు, రెండు. మ్యాచ్ రిచర్డ్‌ది.

*

వేదిక మీద బల్ల, బల్ల మీద బోర్డు, రెండు మైకులు. లక్ష్మణ్ బల్ల అంచునే చూస్తూ కూర్చున్నాడు. కల్పలత ఈసారి మైకు రిచర్డ్ వైపు తిప్పింది.

"డ్రా చేస్తే చాలు కదా, ఇంత సాహసం ఎందుకు చేశారు?"

"మా ఆవిడ కూడా ఫోన్లో అదే మాట అడిగిందండి," అన్నాడు రిచర్డ్. హాలు నవ్వింది. "నిన్నటి ఆటలో గుర్రం ముందు దూకడం నాకు రుచించలేదండి. ఆ గుర్రం వెనక ఇంకేదో ఉండాలి కదా అనిపించింది. వెతికితే బంటు కనబడింది. అంత మంచి ఎత్తు చేతికందాక ఆడకుండా ఉండటం నా వల్ల కాలేదు. కానీ అది నాది కాదండి. నిన్న ఎత్తులు తారుమారయ్యాయంతే. ఫైలు చేసిందెవరో లక్ష్మణే ఇక్కడ కూర్చుని చెప్పాడు, దేవకృప గారని. పేరు సరిగ్గా విందామని రెండోసారి అడిగాను కూడా. ఆవిడ వచ్చారా?"

హాలంతా వెతకడం మొదలుపెట్టింది. దేవకృప లేచి నిలబడింది. కాళ్లు వణకలేదు. రోజూ అరవై మంది పిల్లల ముందు నిలబడే కాళ్లవి. కల్పలత నడిచొచ్చి మైకు చేతికిచ్చింది.

"మీ ఫైల్లో తప్పుందని నిన్న అన్నారు. మీరేమంటారు మేడమ్?"

"తప్పుంది," అంది దేవకృప.

లక్ష్మణ్ తలెత్తాడు. రిచర్డ్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఉన్నది నిజమే. కానీ ఆయన చెప్పిన చోట కాదు. వచ్చి చూపించమంటారా?"

ఎవరూ వద్దనలేదు. ఆమె మెట్లెక్కింది. లక్ష్మణ్ నల్ల పావుల వైపు కుర్చీలో ఉన్నాడు. ఆమె వచ్చి పక్కన నిలబడగానే, పిల్లాడు టీచరుకు లేచినట్టు లేచాడు. ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. చకచకా పావులు సర్ది పద్దెనిమిదో ఎత్తు దగ్గరికి తెచ్చింది. నల్ల ఏనుగుతో తెల్ల గుర్రాన్ని కొట్టింది.

"ఇప్పుడు ఆడండి," అంది రిచర్డ్‌తో.

రిచర్డ్ ఏనుగును తీసుకున్నాడు. ఆమె రాజును ఒక గడి నడిపింది. అతను రాజుకు షా చెప్పాడు. రాజు ఇంకో గడి నడిచాడు. అతను ఈసారి ఆగాడు. చేతిని నుదుటి మీద పెట్టుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, మూత తీయకుండా పట్టుకుని కూర్చున్నాడు. గడియారం లేదు, అంపైరు లేడు, అయినా హాల్లో దగ్గు కూడా వినబడలేదు.

"అక్కా," అన్నాడు లక్ష్మణ్ ఆమె వెనక నిలబడి. మైకు దగ్గరలోనే ఉంది. అది హాలంతా విన్నది. "ఇది ఎప్పుడు చూసినవ్?"

"పొద్దున."

"నాకెందుకు చెప్పలె?"

"రాసి పంపించా."

మొదటి వరుసలోకి వచ్చి నిలబడ్డ పర్వతాలు జేబులోంచి కాగితం తీశాడు. "ఆటయినంక ఇద్దామనుకున్న బిడ్డా," అన్నాడు. లక్ష్మణ్ వంగి కాగితం అందుకున్నాడు. మడతలు విప్పాడు. పై వరుస చదివాడు. వెనక్కి తిప్పి, గళ్ల బొమ్మను బోర్డుతో పోల్చి చూశాడు. తర్వాత మైకు తన వైపు లాక్కున్నాడు.

"రెండో ఆటల ఎత్తు సుత అక్కదే," అన్నాడు. "నేను స్నానం చేస్తుంటే తట్టలె." కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. సెకండ్లు నిలబడే చోటు అది.

దేవకృపకు కళ్లు చెమర్చాయి. ఈలోగా రిచర్డ్ తన ఎత్తు వేశాడు. ఆమె కళ్లు తుడుచుకోలేదు, ఇప్పుడు ఆడాల్సింది తను. అంచున ముందుకు జరిగి ఒంటరిగా మిగిలిన తెల్ల బంటును శకటుతో తీసి ఒడిలో వేసుకుంది.

రిచర్డ్ చాలాసేపు చూశాడు. మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఈ కాగితం ఆ జేబులోనే ఉండిపోవడం నా అదృష్టమండి," అని, తెల్లరాజును పక్కకు వాల్చి, లేచి చెయ్యి చాచాడు. "ఒప్పుకున్నాను దేవకృప గారూ."

హాల్లో ముందు ఎవరో ఒక్కరు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. వెనక వరుసల వాళ్లు నిలబడ్డారు. కల్పలత గబగబా రాసుకుంటోంది. ఆ చప్పుడంతా అయ్యేదాకా దేవకృప ఆగింది. రిచర్డ్ చెయ్యి వదిలి, ఒడిలోని పావులన్నీ బల్ల మీద పోసి, బోర్డును పట్టుకుని గుండ్రంగా తిప్పింది.

"కూర్చోండి," అంది. "ఈసారి తెల్లవి నావి."